రీస్టోర్ చేసిన మజిల్ కారు కొంటున్నారా? ఇంజిన్ మార్చి ఉంటే వింటేజ్ నంబర్ కష్టమే!

ఓపెన్ టాప్, పొడవాటి బానెట్, లోపల వీ8 ఇంజిన్.. హుస్నాబాద్ బస్టాండ్ దగ్గర అలాంటి పాత అమెరికన్ కారు ఆగితే జనం మూగకుండా ఉంటారా? పాంటియాక్ జీటీఓ, ఫోర్డ్ మస్టాంగ్ రెండూ 1964లో వచ్చినవే. అప్పటి కార్లకు ఇప్పుడు 50 ఏళ్లు దాటాయి.

అయితే అమ్మేవాళ్లు 'రీస్టోర్డ్, మోడిఫైడ్' అని రెండూ కలిపి చెప్తుంటారు. ఈ రెండూ ఒకటి కాదు. చిక్కంతా ఇక్కడే.

2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బండికే వింటేజ్ గుర్తింపు. అదీ ఒరిజినల్‌గా ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మారిస్తే కుదరదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, గడువు 10 ఏళ్లు. నంబర్ ప్లేట్ మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని ఉంటుంది. దాంతో రోజూ తిరగడానికి లేదు. ర్యాలీ, ఎగ్జిబిషన్, పెట్రోల్, రిపేర్.. అంతే.

పోనీ మామూలు ఆర్‌సీతోనే నడుపుదాం అంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5 వేల ఫైన్ లేదా 6 నెలల వరకు జైలు పడొచ్చు.

ఈ కార్లు ఎక్కువగా లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. సిగ్నల్ లైట్లు పనిచేయకపోతే రోడ్డెక్కించకూడదు.

పెయింట్ మెరుపు తర్వాత చూడొచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంపోర్ట్ నాటి బిల్ ఆఫ్ ఎంట్రీ, పాత ఆర్‌సీ అడగండి. వాటిలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలవాలి.