దొంగల మాటలు నేర్చుకున్న దొరలు

ఆంగ్లంలో స్లాంగ్ అంటే, శిష్టులు తమ రాతలో వాడరాదని పక్కన పెట్టిన, ఒకే తీరు బతుకు బతికేవారు తమలో తాము చనువుగా మాట్లాడుకునే పదజాలమని స్థూలంగా చెప్పవచ్చు. దీన్ని మొదట శ్రద్ధగా నేర్చి గ్రంథస్థం చేసినవారు ఆ మాటలు మాట్లాడిన జనానికి ఆప్తులు కారు. పదహారో శతాబ్దపు ఇంగ్లండులో ఇల్లూ యజమానీ లేక ఊళ్లు పట్టి తిరిగేవారిని చట్టం నేరస్థుల కింద జమకట్టి కొరడాలతో కొట్టించేది. అటువంటివారు పరాయివారికి అంతుపట్టకుండా కల్పించుకున్న మారుభాషకు కాంట్ అని పేరు. కెంట్ ప్రాంతపు భూస్వామి థామస్ హార్మన్ జబ్బుతో ఇంటిపట్టున ఉన్న కాలంలో తన గుమ్మానికి వచ్చిన బిచ్చగాళ్లను, దేశదిమ్మరులను మాటల్లో పెట్టి, రహస్యం దాస్తానని నమ్మబలికి, తెలుసుకున్నదంతా అచ్చువేయించాడు. 1567లో వెలువడిన ఆ ప్రతిలో ఒక పదపట్టిక, దానితోపాటు దేశదిమ్మరుల పేర్ల జాబితా ఉన్నాయి. రెండింటిలో అధికారులకు ఏది ఎక్కువ అక్కరకు వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తాగడానికి బౌజ్ అని, బట్టలకు డడ్స్ అని ఆ పట్టిక చెబుతుంది. వీటిలో మొదటిది నేడు మద్యానికి వాడుకలో ఉన్న బూజ్ అనే మాటకు పూర్వరూపం.

పదిహేడో శతాబ్ది చివర బి.ఇ. అనే పొడి అక్షరాల చాటున ఉండిపోయిన రచయిత ఒకడు ఈ మారుభాషకు నిఘంటువు కూర్చాడు. డబ్బును, ప్రాణాన్ని కాపాడుకోవడానికి అందరికీ, మరీ ముఖ్యంగా విదేశీయులకు ఇది పనికివస్తుందని, పైగా మంచి కాలక్షేపమని దాని ముఖపత్రం చాటింది. పరదేశి ఆంగ్ల స్లాంగ్ నేర్చుకోవాలన్న ఆలోచన ఆనాటికే ఉందన్నమాట. అయితే అది కలిసిపోవడానికి చెప్పిన చదువు కాదు, జేబు భద్రం చేసుకోవడానికి చెప్పినది.

భయం తగ్గి సరదా పెరిగిన ఘట్టం ఫ్రాన్సిస్ గ్రోస్‌తో వచ్చింది. పురాతన కట్టడాల చిత్రకారుడు, సర్రే మిలీషియాలో కెప్టెన్, భోజనప్రియుడు అయిన గ్రోస్, రాత్రివేళల్లో నౌకరును వెంటబెట్టుకుని లండన్ మురికివాడల్లోని సారాయి కొట్లలో కూర్చుని మాటలు ఏరుకునేవాడని చెబుతారు. 1785లో ఆయన ప్రకటించిన నిఘంటువులో దొంగల మాటలకు పక్కనే సైనికుల, నావికుల, చేపలమ్మే ఆడవాళ్ల, విద్యార్థుల మాటలు చేరాయి. మరణించడమనే అర్థంలో కిక్ ది బకెట్ అనే పలుకుబడికి అందులో చోటు దొరికింది. స్లాంగ్ అంటే నేరస్థుల సొత్తు మాత్రమే కాదని, ప్రతి వృత్తికీ తనదంటూ ఒక చనువు భాష ఉంటుందని గుర్తించడమే గ్రోస్ అసలు ఘనత. ఆయన తరువాతి తరంలో, పియర్స్ ఈగన్ 1821లో మొదలుపెట్టిన లండన్ విలాసాల కథ చదివిన ధనికుల కుర్రాళ్లు దొంగల మాటలు నోట పట్టుకుని తిరగడం ఫ్యాషనైంది.

ఇదే కాలంలో సముద్రాల అవతల ఆ మాటలు ప్రభుత్వానికి నిజంగానే సమస్యగా మారాయి. శిక్షపడినవారిని ఓడల్లో తరలించిన ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ వలసలో, తొలినాళ్ల న్యాయస్థానాలలో ముద్దాయిల, సాక్షుల మాటలు విప్పి చెప్పడానికి తరచు దుబాసీ కావలసి వచ్చేదని నౌకాసైనిక అధికారి వాట్కిన్ టెంచ్ 1793లో ప్రకటించిన గ్రంథంలో నమోదు చేశాడు. ఇరుపక్షాలదీ ఆంగ్లమే! చివరకు ఈ కొరత తీర్చినవాడు మూడుసార్లు ప్రవాసశిక్ష అనుభవించిన జేమ్స్ హార్డీ వాక్స్. ఫ్లాష్ అని పిలిచే ఆ భాషకు ఆయన 1812లో పదకోశం తయారుచేసి, తానున్న శిక్షాస్థలపు అధికారికే అంకితమిచ్చాడు. 1819లో అది ఆయన ఆత్మకథతో కలిసి లండన్‌లో అచ్చయింది. హార్మన్ గుమ్మం ముందు నిలబడి మాటలు అప్పగించిన దేశదిమ్మరి, రెండున్నర శతాబ్దాల తరువాత కలం తానే పట్టాడని అనుకోవచ్చు, అది కూడా పైవారి మెప్పు కోసమే అయినప్పటికీ. వాక్స్ నమోదు చేసిన స్వాగ్, అంటే మూట, క్రమంగా దొంగసొత్తు వాసన వదిలించుకుని, పని వెతుక్కుంటూ నడిచే ఆస్ట్రేలియా కూలీ భుజాన వేసుకునే పరుపుచుట్టకు పేరైంది.

ఆ దేశపు స్లాంగ్‌లో తెలుగుకూ ఒక వాటా ఉంది. పందికొక్కు అనే తెలుగు మాట బాండికూట్ రూపంలో ఆంగ్లంలోకి వెళ్లిన సంగతిని, హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన ఎ.సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లోనే వివరించింది. ఆస్ట్రేలియా స్థిరనివాసులు ఆ పేరును, మన పందికొక్కుతో చుట్టరికం లేని, పొట్టసంచిలో పిల్లల్ని పెంచే ఒక స్థానిక జంతువుకు పెట్టారు. ఆకులు కదలకుండా మట్టిలోంచి బంగాళదుంపలు దొంగిలించడాన్ని అక్కడి జనం బాండికూటింగ్ అన్నారు.

తిరిగి ఇంగ్లండుకు వస్తే, లండన్‌లో బండ్ల మీద కూరగాయలు, చేపలు అమ్మేవారు మాటలను తలకిందులు చేసి పలికే పద్ధతిని హెన్రీ మేహ్యూ 1851లో వర్ణించగా, జాన్ కామ్డెన్ హాటెన్ 1859 నాటి నిఘంటువులో దానికి విడిగా పట్టిక ఇచ్చాడు. బాయ్ తిరగబడి యాబ్ అయినది ఈ పద్ధతిలోనే.

మొదటి ప్రపంచయుద్ధపు కందకాలలో ఈ చదువుకు ఇక గురువు అక్కరలేకపోయింది. భారతదేశంలో పనిచేసిన పాత సిపాయిలు తెచ్చిన విలాయతీ అనే మాట బ్లైటీగా మారి, ఇంటికి, ఇంటికి పంపేటంతటి గాయానికి కూడా పేరైంది. ఆస్ట్రేలియా దళంలో ఆ యుద్ధం చేసిన ఎరిక్ పార్ట్రిడ్జ్, 1937లో తన పెద్ద స్లాంగ్ నిఘంటువును ప్రకటించాడు. 1942లో బ్రిటన్‌కు బయలుదేరిన తన సైనికులకు అమెరికా యుద్ధశాఖ చేతిపుస్తకం ఒకటి పంచి, ఆడవారున్న చోట బ్లడీ అనరాదని, బికారి అనే అర్థంలో తాము మామూలుగా వాడే బమ్ అనే మాటకు అక్కడ పిరుదులని అర్థమని హెచ్చరించింది.