అంగన్‌వాడీ ఆయా

బోర్డీ తీరగ్రామమున 1945లో తారాబాయి మోడక్ గ్రామ బాలశిక్షా కేంద్రమును నెలకొల్పి, అనూతాయి వాఘ్ తోడ్పాటుతో నిరుపేదల ముంగిళ్ళకే బడిని కొనిపోయిన నాటి అంగన్‌వాడీ యను పేరే, 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనప్పుడును నిలిచెను. ఆ పథకమున అంగన్‌వాడీ కార్యకర్తకు తోడుగా ఆయాయు ఏర్పడెను.

పథకముల చరిత్రను వ్రాసినవారు పెక్కురే గాని, తెల్లవారగనే గది యూడ్చి, నీళ్ళు మోసి, బియ్యములో రాళ్ళేరి, పప్పు పొయ్యి కెక్కించి, ఇంటింటికిం బోయి, చీమిడి ముక్కుల పిల్లలను కొంగుతో తుడిచి చంక నెత్తుకొని వచ్చు ఆమెను గూర్చి వ్రాసినవారు అరుదు. తూకపు టుయ్యెలలో గింజుకొను పసివానిని ఆమె బుజ్జగించి నిలిపినగాని కార్యకర్త పుస్తకమున బరువు ఎక్కదు. ఇంత సేవకును స్వల్పమగు గౌరవవేతనముతో సరిపెట్టుట నాకు అన్యాయముగనే తోచుచున్నది.