స్టార్టరు మందగించుట ఏల?

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున పసుపు వన్నె గల రోల్స్ రాయిస్ కారు ఒకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని 1911లో పురమాయించెను. ఆ కాలపు కారు రాజుదైనను, పేరొందిన కంపెనీదైనను, ముందువైపున పిడి పెట్టి చేతితో త్రిప్పిననే గాని ఇంజను కదలెడిది కాదు. ఇంజను వెనుకకు తన్నినచో త్రిప్పువాని చేయి విరుగుటయు కలదు.

ఈ బాధను తొలగించినవాడు అమెరికా దేశీయుడైన చార్లెస్ కెటరింగ్. ఇంజనును త్రిప్పవలెనన్న కారులో పట్టనంత పెద్ద మోటారు కావలెనని అప్పటి నమ్మకము. కెటరింగ్ అంతకుముందు దుకాణములలోని క్యాష్ రిజిస్టరుకు మోటారు అమర్చియుండెను. కొద్ది క్షణములు మాత్రమే తిరుగు చిన్న మోటారుపై పెద్ద భారము మోపవచ్చునని అతడు గ్రహించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అతని స్టార్టరు వచ్చినది. రోల్స్ రాయిస్ కార్లకు అట్టి సౌకర్యము 1919లో కలిగినది.

అయితే చిన్న మోటారుచే పెద్ద పని చేయించుటకు పెద్ద విద్యుత్ ప్రవాహము కావలెను. చిక్కు ఇచ్చటనే ఉన్నది. 1,200 వాట్ల సామర్థ్యమునకు 6 వోల్టుల బ్యాటరీ నుండి 200 ఆంపియర్లు రావలెను. 12 వోల్టులైనచో 100 చాలును. తీగల అతుకు వద్ద తుప్పు పట్టి, ఓములో నూరవవంతు నిరోధము చేరినదనుకొందము. ఓము సూత్రము ప్రకారము మొదటి కారులో 2 వోల్టులు, అనగా మూడవవంతు, ఆ తుప్పులోనే నష్టమగును. రెండవ దానిలో నష్టము 1 వోల్టు, పన్నెండవవంతు మాత్రమే. 1950ల మధ్యకాలమున అమెరికా కార్లు 12 వోల్టులకు మారుటకు ఇదియు ఒక కారణము.

1957 నుండి 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడర్లు 12 వోల్టులవే. అట్టి పాత కారులో స్టార్టరు మెల్లగా తిరిగినచో తొందరపడి మోటారును మార్చరాదు. గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను అంటుకొనకుండ జ్వలన తీగను తొలగించి, ఒకరు స్టార్టరు నొక్కుచుండగా మరొకరు వోల్టుమీటరు చూడవలెను. బ్యాటరీ కొనల మధ్య సుమారు 9.6 వోల్టులకు తగ్గినచో ముందు బ్యాటరీని అనుమానింపవలెను. అది సరిగానున్నచో బ్యాటరీ కొనకును మోటారు కొనకును మధ్య కొలువవలెను. అర వోల్టు మించినచో దోషము త్రోవలోనిది. బ్యాటరీ ఎర్తు కొనకును మోటారు ఒంటికిని మధ్య కూడ ఇట్లే చూడవలెను; ఈ వైపును పలువురు మరచుదురు. ఇవన్నియు సరిగానున్నపుడే మోటారు విప్పి బ్రష్‌లను, బుష్‌లను చూడవలెను.

మల్లాపూరు, కోరుట్ల వంటి చోట్ల ఉన్నత పాఠశాలలో నేర్పెడి ఓము సూత్రమే ఈ పరీక్షకు ఆధారము. అది తెలిసినవాడు గరుకు కాగితముతో తుప్పు గీకి పని ముగించును. తెలియనివాడు మంచి మోటారును పారవేయును.