పిక్క మనిషికి, పండు ఎలుగుకి: ఉద్దానం తోటల్లో సహజీవనం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగుబంటి కనిపించిన ప్రతిసారీ అడవి వదిలి ఊరిమీద పడిందని వార్తలు వస్తాయి. ఆ మాటను ఈ వ్యాసం అంగీకరించదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు ఇళ్ల పెరళ్ల దాకా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య బండరాళ్ల గుట్టలు లేస్తాయి. పగలు ఆ రాళ్ల సందుల్లో పడుకునే ఎలుగు పొద్దు వాలాక తోటలో మేస్తుంది. అడవి ఎక్కడ ముగిసిందో, ఊరు ఎక్కడ మొదలైందో చెప్పే గీత అక్కడ లేదు. గొడవ హద్దుల వల్ల పుట్టలేదు, ఒకే చెట్టు కింద ఒకే వేళకు మనిషి, ఎలుగు ఇద్దరూ చేరడం వల్ల పుట్టింది.

జీడి కాపు ఎండాకాలమంతా సాగుతుంది. రాత్రి రాలిన పండ్లను ఏరడానికి తెల్లవారకముందే కూలీలు, ఎక్కువగా ఆడవాళ్లు, తోటలోకి వెళ్తారు. నేలకు వాలిన కొమ్మల కింద నడుం వంచి, పండును మెలిపెట్టి పిక్క ఊడదీసి బుట్టలో వేసుకుంటారు. పండును అక్కడే పారేస్తారు. ఇదే జిల్లాలోని పలాస జీడి పరిశ్రమకు కావలసింది పిక్కే కాబట్టి ధరంతా దానికే. ఎండ తగిలి పులిసిన పండ్ల వాసన తోటంతా కమ్ముకుంటుంది. చూపు, వినికిడి అంతంతమాత్రమైన ఎలుగుకు ముక్కే దారి చూపుతుంది. మనం వదిలేసిన పండే దానికి పిలుపవుతోంది.

ఎలుగు మనిషిని వేటాడే జంతువు కాదు. చెదపురుగులు, చీమలు, తేనె, పండ్లు దాని తిండి. పుట్ట తవ్వి చెదలను పీల్చేటప్పుడు అది చేసే చప్పుడు దూరానికి కూడా వినిపిస్తుంది. ఆ ధ్యాసలో మనిషి అలికిడి దానికి తెలియదు. మనిషి దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి, వీపుమీద పిల్లలుంటే మరింత తెగించి, మీదపడుతుంది. గాయాలు తరచూ ముఖానికి, తలకు తగలడం వల్ల బతికి బయటపడినవాళ్లు కూడా జీవితాంతం ఆ దెబ్బను మోస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో 1998 ఏప్రిల్ నుంచి 2000 డిసెంబరు వరకు 137 ఎలుగు దాడులు, 11 మరణాలు నమోదయ్యాయి. వాటిలో చాలా దాడులు పెరళ్లలో, పొలాల్లో, వాటిని ఆనుకున్న అడవిలో జరిగాయన్నది ఉద్దానానికి నేరుగా వర్తించే విషయం.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. ప్రాణం పోయిన ఊరు ఎలుగును పట్టుకెళ్లమని అడగడం న్యాయమే. ఆ కోపాన్ని అజ్ఞానమనే హక్కు నగరంలో కూర్చున్నవాళ్లకు లేదు. కానీ గుట్టా, తోటా, పండూ అక్కడే ఉంటే ఖాళీ అయిన చోటుకు ఇంకో ఎలుగు చేరుతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఎలుగును ఇష్టమొచ్చినట్టు తరలించడం కుదరదు. రాళ్ల కోసం గుట్టను తొలిస్తే ఎలుగు పగటి చోటు పోయి అది తోటలోనే పడుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన తోటల స్థితిని కూడా, చోటు మారితే ఎలుగు ఎటు వెళ్తుందన్న ఈ కోణంలోనే పరిశీలించాలి.

చేయదగిన పని ఖరీదైనదేమీ కాదు. పిక్క తీసిన పండ్లను ఇళ్లకు దూరంగా గోతిలో పూడ్చాలి. లేదా వాటిని కొనే ఏర్పాటు ఉండాలి. ఏరుడు బాగా తెల్లవారాక, గుంపుగా, మాటలు వినిపించేలా సాగాలి. ఆలస్యంగా మొదలైన రోజుకు కూలి తగ్గకుండా చూడాల్సింది తోట యజమాని, ప్రభుత్వం. పేద కూలీ ఒక్కరి మీదే ఈ జాగ్రత్త భారం వేయకూడదు. పరిహారం ఫైలులో గాయం వివరాలతో పాటు ఏ చెట్టు కింద, ఏ వేళలో, ఏ పనిలో ఉండగా దాడి జరిగిందో కూడా రాయించాలి. ఏ తోటకు ఏ నెలలో కాపలా పెట్టాలో ఆ నమోదు నుంచే తెలుస్తుంది.