పాకాల జంక్షన్‌లో సెరి-పెలగాట్టి

డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌ల మీద ఏ పుస్తకం చదవాలని జూనియర్లు అడిగితే ఇప్పుడు అందరం మార్టిన్ క్లెప్‌మన్ పేరు చెప్పేస్తాం. 2017లో వచ్చింది, మంచి పుస్తకం, నేనూ అదే చెప్తాను. కానీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి చదివింది (చదివామనుకున్నది!) అంతకు 33 ఏళ్ళ ముందుది. స్టెఫానో సెరి, జుసెప్పె పెలగాట్టి అనే ఇద్దరు ఇటలీవాళ్ళు రాసిన "డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేసెస్: ప్రిన్సిపుల్స్ అండ్ సిస్టమ్స్", మెక్‌గ్రా-హిల్, 1984. పరీక్ష రాసి అటకెక్కించిన ఆ పుస్తకాన్ని మొన్నామధ్య మళ్ళీ తిరగేశాను.

పుస్తకం పనికొస్తుందా లేదా తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. పాకాల స్టేషన్‌లో జరిగే పని దీంతో అర్థమవుతుందా? తెలియనివాళ్ళకు: పాకాల తిరుపతి జిల్లాలో కాట్పాడి-తిరుపతి లైను మీద, ధర్మవరం లైను విడిపోయే జంక్షన్. పేరుకు జంక్షనేగానీ ఊరు చిన్నది.

ముందు రిలయబిలిటీ చాప్టర్. ఇక్కడ పుస్తకానికి వంక పెట్టలేం. టూ-ఫేజ్ కమిట్‌లో "నేను సిద్ధం" అని చెప్పేసిన సైటు, కోఆర్డినేటర్ పడిపోతే లాకులు పట్టుకుని అలా కూర్చోవాల్సిందే. దీన్ని రైల్వేవాళ్ళు కంప్యూటర్లు పుట్టకముందే చూశారు. దక్షిణాది సింగిల్ లైన్ల మీద చాలాచోట్ల నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలు ఉండేవి. పక్కపక్క స్టేషన్లలో రెండు యంత్రాలు, మధ్యలో తీగ. రెండింట్లో కలిపి ఒకసారికి ఒక్క ఇనుప బంతే బయటికొస్తుంది. అది చేతిలో ఉన్న డ్రైవరే ఆ సెక్షన్‌లోకి వెళ్ళాలి. తీగ తెగితే బంతి రాదు, బండి కదలదు. లేటవుతుంది, గుద్దుకోవడం మాత్రం ఉండదు. నెట్‌వర్క్ రెండు ముక్కలైనప్పుడు ఎక్కడా ఆగని కమిట్ ప్రోటోకాల్ సాధ్యం కాదని స్కీన్, స్టోన్‌బ్రేకర్ 1980ల మొదట్లోనే చూపించారు. 2000లో బ్రూయర్ చెప్పిన క్యాప్ కూడా ఆ తానులో ముక్కే. అయితే పుస్తకం "సైటు బ్లాక్ అవుతుంది" అని చెప్పి ఆగిపోతుంది. రైల్వే రూల్ పుస్తకం అక్కడే మొదలవుతుంది: యంత్రం పాడైతే ఫోన్‌లో ప్రైవేట్ నంబర్లు మార్చుకుని కాగితం మీద అనుమతి ఇవ్వాలి, ఫోనూ లేకపోతే ఒక ఇంజిన్‌లో మనిషిని మెల్లగా అవతలి స్టేషన్‌కి పంపాలి. రాత్రి 2 గంటలకు ప్రొడక్షన్ ఆగిపోయినవాడికి కావలసింది ఈ రెండో రకం పుస్తకం.

క్వెరీ ఆప్టిమైజేషన్ చాప్టర్లు బాగా ముసలివైపోయాయి. లైను మీద పంపే ప్రతి బైటూ బంగారం అనుకున్న కాలం లెక్కలవి. (రీజియన్ల మధ్య డేటా తిప్పి క్లౌడ్ బిల్లు చూసినవాళ్ళు నాతో ఒప్పుకోకపోవచ్చు. ఏ మాటకా మాట, అది వాళ్ళ పాయింటే.)

నేను అసలు మాట్లాడాలనుకున్నది డిజైన్ చాప్టర్ గురించి. ఫ్రాగ్మెంటేషన్ అనగానే మనకు గుర్తొచ్చేది ఆ సప్లయర్ టేబులే. శాన్‌ఫ్రాన్సిస్కో సప్లయర్లు ఒక ముక్క, లాస్ ఏంజెలిస్ సప్లయర్లు ఇంకో ముక్క. బట్టీ పట్టాం, రాశాం, మార్కులొచ్చాయి. మన స్టేషన్ కౌంటర్‌లోనే ఇది నడిచేదని మాత్రం ఎవరికీ తట్టలేదు. కంప్యూటర్లకు ముందు రిజర్వేషన్ అంటే రిజిస్టర్లు. బండి బెర్తుల్లో కొన్ని మధ్య స్టేషన్లకు కోటాగా విడదీసి ఇచ్చేవారు. తన కోటా వరకు ఆ స్టేషన్ క్లర్కే రాజు, ఎవరినీ అడగక్కర్లేదు. అచ్చమైన హారిజాంటల్ ఫ్రాగ్మెంటేషన్, పైగా కమిట్ ప్రోటోకాల్ అవసరమే లేదు. కోటాలో లేని బెర్తు కావాలంటే, లేదా తిరుగు ప్రయాణానికి, టెలిగ్రామ్ కొట్టి జవాబు కోసం ఎదురు చూడటమే. నష్టం కూడా తెలిసిందే, ఇక్కడ బెర్తు ఖాళీగా పోతుంది, అక్కడ మనిషి నిలబడి పోతాడు.

1985-86లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు వచ్చింది. కానీ ఐదూ ఐదు దీవులు. క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట నడిచింది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్‌కి ఐదు కేంద్రాలూ కలిశాయి. అందులోని తెలివి ఏంటంటే, ఒక బండి బెర్తులన్నీ ఒక్క కేంద్రంలోనే ఉంటాయి. దక్షిణ మధ్య రైల్వే కౌంటర్‌లో కూర్చుని చెన్నై కేంద్రం బండి అడిగితే సికింద్రాబాదు ఆ అడగడాన్ని చెన్నైకి పంపుతుంది, అంతే. ఒక బెర్తు ఎవరిదో తేల్చడానికి ఐదుగురూ ఓటెయ్యక్కర్లేదు.

మరి తీగలు కలిశాక కోటాలు పోవాలి కదా? పోలేదు. మీ టికెట్ మీద ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ అని కనిపిస్తే అది మధ్య స్టేషన్ల కోటా వెయిటింగ్ లిస్టే. కారణం టెక్నికల్ కాదు. అన్నీ ఒకే కుప్పలో పోసి ముందొచ్చినవాడికి ముందు అంటే, బండి బయల్దేరే మహానగరం వాళ్ళే ఊడ్చేస్తారు. దారిలో ఎక్కేవాడికి మిగిలేది జనరల్ బోగీ.

సెరి-పెలగాట్టి లెక్కలో ఈ మనిషి లేడు. డేటా ఎవరు ఎక్కువ వాడితే వాళ్ళ దగ్గర పెట్టు, ఖర్చు తగ్గించు, అంతవరకే. ఆ ఫార్ములా ప్రకారం పాకాలకు ఒక్క ముక్క కూడా రాదు, ఎందుకంటే అక్కణ్ణించి వచ్చే రిక్వెస్టులు ఎన్నని? 1984 నాటి పుస్తకాన్ని దీనికి తప్పుపట్టడం అన్యాయమే కావచ్చు, తర్వాత వచ్చిన ఒజు-వాల్డురీజ్ (1991) కూడా ఖర్చు దగ్గరే ఆగింది. కానీ రేట్ లిమిట్లు, టెనెంట్ కోటాలు రాసే మనం రోజూ చేస్తున్నది ఆ పనే. చిన్న కస్టమర్‌కి ఎంత పక్కన పెట్టాలో పెద్ద కస్టమర్ ట్రాఫిక్ చూసి నిర్ణయిస్తాం.

కొనాలా వద్దా అంటే, పాత పుస్తకాల షాపులో దొరికితే తీసుకోండి. నాలుగో చాప్టరూ తొమ్మిదో చాప్టరూ చదవండి, ఐదూ ఆరూ వదిలెయ్యండి. రెండో భాగంలో ఆర్-స్టార్, ఎస్‌డీడీ-1 లాంటి అసలు సిస్టమ్‌ల కథలున్నాయి. సిలబస్‌లో లేవని మేము ముట్టుకోలేదు. మీరు అక్కణ్ణించే మొదలుపెట్టండి.