ముసలి కంప్యూటర్లకు మలి పంట

నూజివీడు పేరు చెబితే ముందు చిన్నరసం మామిడి గుర్తొస్తుంది, ఆ తర్వాత జమీందారీ. 2008లో ఆ వరసలో మూడోది చేరింది: ట్రిపుల్ ఐటీ. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం కింద బాసర, ఇడుపులపాయలతో పాటు నూజివీడులోనూ ప్రాంగణం తెరిచారు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి సర్కారు బడి పిల్లల్ని ఏరి, ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకుని, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లాప్‌టాప్ పెట్టారు. తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మనిషి. మామిడి తోటలకు కూలికి వెళ్లే ఇంటి పిల్లవాడు సొంత లాప్‌టాప్ మూత తెరవడం ఈ ప్రాంతానికి చిన్న సంగతి కాదు.

ఆ కాలంలో కొన్న కంప్యూటర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఇళ్లలో అటకల మీద, కమీషన్ కొట్లలో బల్ల కింద, బడుల్లో తాళం వేసిన గదుల్లో. ఎక్కువ వాటికి చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. కరెంటు పెడితే వెలుగుతాయి. కీబోర్డు పనిచేస్తుంది, తెర బాగానే ఉంటుంది. అయినా ఇంట్లో వాళ్లు "అది పాతదైపోయిందండీ, తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు" అంటారు. నన్ను ఆపేది ఆ మాటే. యంత్రం పాతబడిందని తేల్చింది ఎవరు?

చాలావరకు తేల్చింది ఇనుము కాదు, తారీఖులు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆగింది. విండోస్ 7కి 2020 జనవరి 14న ఆగింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. ఆ షరతుతో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఒక్క రోజులో కాలం చెల్లినవైపోయాయి. వాటి లోపల ఒక్క తీగ కూడా తెగలేదు. వాటిని వాడేవాళ్లను ఎవరూ అడగనూ లేదు.

ఇలా కాకుండా ఇంకో దారి కూడా ఉందని చూపిన చరిత్ర ఒకటి ఉంది. 1983 సెప్టెంబర్‌లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చుకోగల, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేయాలన్నది లక్ష్యం. 1991లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన ఇంట్లోని 386 కంప్యూటర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను, లినక్స్‌ను, రాయడం మొదలుపెట్టి, ఆ ఆగస్టులో లోకానికి చెప్పాడు. విశ్వవిద్యాలయాల్లో ఉండే ఖరీదైన యూనిక్స్ యంత్రాల పని మామూలు కంప్యూటర్ చేయగలగాలన్నది అతని కోరిక. 1992లో దాన్ని గ్నూ లైసెన్స్ కిందికి తెచ్చాక ప్రపంచమంతా వచ్చి చేయి వేసింది. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ అనే లినక్స్ సంకలనాలు పుట్టాయి. డెబియన్ ఇవాళ్టికీ జీతం లేని స్వచ్ఛంద సేవకుల చేతుల మీదే నడుస్తోంది.

తేలికపాటి లినక్స్‌ల కథ ఇందులో ఒక కొమ్మ. 2003లో ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ పప్పీ లినక్స్ విడుదల చేశాడు. అది మొత్తంగా మెమరీలోకి ఎక్కి అక్కడి నుంచే నడుస్తుంది, హార్డ్ డిస్క్ పాడైన కంప్యూటర్ కూడా పెన్‌డ్రైవ్ మీద బతుకుతుంది. దాదాపు అదే కాలంలో అమెరికాలో జాన్ ఆండ్రూస్ డామ్ స్మాల్ లినక్స్ చేశాడు. మొత్తం వ్యవస్థ 50 మెగాబైట్లలో ఇమిడి, విజిటింగ్ కార్డు అంత సీడీలో పట్టేది, 486 మీద కూడా నడిచేది. అది 2008 ప్రాంతంలో ఆగిపోయింది. 2024లో ఆండ్రూస్ దాన్ని మళ్లీ లేపినప్పుడు పెట్టుకున్న హద్దు ఒక మామూలు సీడీ, అంటే 700 మెగాబైట్లు. 50 నుంచి 700. చిన్నదిగా ఉంచాలని కంకణం కట్టుకున్నవాళ్ల దగ్గరే ఇంత పెరిగింది. ప్రధాన కారణం వెబ్ బ్రౌజర్. కంప్యూటర్ నెమ్మదించిందని మనం అనుకునేది చాలాసార్లు వెబ్‌సైట్ల బరువే.

ఈ కథలో తెలుగువాళ్ల పాలు చిన్నది కాదు. కొంతమందికైనా ఇది తెలియాలని నా ఆశ. 1990ల మొదట్లో, తెలుగు ఫాంటు లేని తెరల మీద, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతి తీర్చిదిద్దారు. ఆర్‌టీఎస్ అని దాని పేరు. యూనిక్స్ యంత్రాల మీద అలా రాసిన దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామూ వాళ్లే రాశారు. ఇంటర్నెట్ చర్చల్లో తెలుగు పద్యాలు, కథలు అలా ప్రయాణించాయి. ఇవాళ లినక్స్‌లో తెలుగు టైపింగ్ పెట్టుకోబోతే కనిపించే పద్ధతుల పట్టికలో ఆర్‌టీఎస్ ఇంకా ఉంది. పోతన పేరుతో ఇంకో పద్ధతీ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారు చేసిన పోతన, వేమన ఫాంట్లను డెబియన్‌లో ఒక చిన్న పొట్లంగా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. తెలుగు విజయం పేరుతో ఉన్న మరో ఫాంట్ల పొట్లం కూడా అక్కడే దొరుకుతుంది.

మన దగ్గర ఈ పని సంస్థగా రూపు దిద్దుకున్నది స్వేచ్ఛతో. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై స్వేచ్ఛగా పేరు మార్చుకున్న ఈ హైదరాబాద్ సంస్థ, 2005లో స్వేచ్ఛ పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేసింది. మెనూలు తెలుగులో, సందేశాలు తెలుగులో. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కూర్చుని మాట మాట అనువదించారు. బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే సంకలనం కూడా తెచ్చారు. 2007 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్ విడుదల చేసింది, అందులో తెలుగు సహా భారతీయ భాషలు ఉన్నాయి. ఈ రెండూ విస్తారంగా పాతుకోలేదు. ఆ లోటు సాంకేతికతది కాదని నా అభిప్రాయం. పల్లెల్లో దాన్ని పెట్టి, చెడితే బాగుచేసి పక్కన నిలబడే మనుషుల వ్యవస్థ మనం కట్టుకోలేదు. కేరళ కట్టుకుంది. 2001లో మొదలైన అక్కడి ఐటీ ఎట్ స్కూల్ పథకం తర్వాతి సంవత్సరాల్లో బడుల్ని గ్నూ లినక్స్‌కు మార్చి, టీచర్లకు శిక్షణ ఇచ్చింది, ఆ బడులు ఈరోజుకూ దాని మీదే నడుస్తున్నాయి.

మనవాళ్లు అసలు ప్రయత్నించలేదని కాదు. 2008లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 బడుల్లో కంప్యూటర్ గదులు పెట్టాలని సంకల్పించి, ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ పరికరాలతో ఒక కంప్యూటర్‌ను అనేకమంది పిల్లలు ఒకేసారి వాడేలా చేసింది. ఆలోచన మంచిది. అదే ఆలోచనను లినక్స్ లోకంలో 1999 నుంచి ఎల్‌టీఎస్‌పీ అనే ప్రాజెక్టు ఉచితంగా అందిస్తోంది. గదిలో ఒక్క దిట్టమైన కంప్యూటర్ సర్వర్‌గా ఉండి పనంతా మోస్తుంది. మిగిలినవి పాతవైనా సరే, తెర, కీబోర్డుగా పనిచేస్తాయి. బడిలో చెడిపోయాయని పక్కన పెట్టిన డెస్క్‌టాప్‌లను తిరిగి వాడుకోవడానికి ఇంతకంటే చవకైన దారి నాకు కనబడదు.

నూజివీడు రైతుకు ఒక పద్ధతి బాగా తెలుసు. 40 ఏళ్లు దాటి, కొమ్మలు అల్లుకుపోయి కాపు తగ్గిన మామిడి చెట్టును వేళ్లతో సహా పీకేయడు. పెద్ద కొమ్మల్ని కొంత ఎత్తున నరికి, కోత చోట బోర్డో పేస్టు పూసి, వచ్చిన చిగుళ్లలో బలమైనవి కొన్ని ఉంచి మిగిలినవి తీసేస్తాడు. రెండు మూడేళ్లకు చెట్టు మళ్లీ కాపు పడుతుంది. పాత కంప్యూటర్ మీద తేలిక లినక్స్ చేసే పనీ ఇదే, ఎక్కువ బరువు తీసేసి వేళ్లను వాడుకోవడం.

ఎక్కడెక్కడ కోత పెట్టాలో చెబుతాను. కంటికి కనిపించే డెస్క్‌టాప్ మొదటిది. ఎక్స్‌ఎఫ్‌సీఈని 1996లో ఒలివియే ఫూర్దాఁ మొదలుపెట్టాడు, ఎల్‌ఎక్స్‌డీఈ 2006లో తైవాన్‌లో మొదలైంది. ఇవి తక్కువ మెమరీ తీసుకుంటాయి. ఐస్‌డబ్ల్యూఎం లాంటి విండో మేనేజర్‌తో వచ్చే యాంటిక్స్ అనే లినక్స్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు మూడు వందల మెగాబైట్లతో సరిపెట్టుకుంటుంది. రెండోది జెడ్‌ర్యామ్. మెమరీలో ఉన్నదాన్ని అక్కడే కుదించి ఎక్కువ పట్టేలా చేస్తుంది, 2 గిగాబైట్లు ఉన్న యంత్రానికి ఊపిరి. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది మూడోది: తిరిగే హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టడం. 2008 నాటి లాప్‌టాప్‌లలో చాలావాటికి సాటా స్లాటు ఉంటుంది కాబట్టి సాధారణంగా అది సరిపోతుంది.

ఇనుము వైపు కూడా కాస్త చూడాలి. మేలో మన దగ్గర గాలి ఎంత వేడో తెలిసిందే, ఫ్యాన్‌లో దుమ్ము కట్టిన లాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మూత విప్పి దుమ్ము తుడిచి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు కొత్తది పూస్తే సగం జబ్బు తగ్గుతుంది. ఇంకోటి, చాలామందికి తట్టనిది: మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ చచ్చిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సురక్షితమైన వెబ్‌సైట్లు ఏవీ తెరుచుకోవు. కంప్యూటరే పోయిందనుకుని పారేస్తారు. ఆ బ్యాటరీ ధర ఒక కాఫీ హోటల్లో ఇద్దరి టిఫిన్ ఖర్చు దాటదు.

దాచకుండా హద్దులూ చెప్పాలి. లినక్స్ కూడా పాతవన్నిటినీ చివరిదాకా మోయదు. అది పుట్టిన 386కే 2013లో, 3.8 కెర్నెల్‌తో మద్దతు ఆపేశారు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 పాత 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. 2008 నాటి కొన్ని నెట్‌బుక్‌లు ఈ వర్గంలోకి వస్తాయి. 2023లో విడుదలైన డెబియన్ 12 వాటికి ఇంకా ఆసరా. కోర్ 2 డ్యువో ఉన్నవాటికి ఈ ఇబ్బంది లేదు, అవి 64 బిట్‌వే. పాత వైఫై చిప్‌కు డ్రైవరు వెతుక్కోవాల్సి రావచ్చు. వీడియో పాఠాలు ఎక్కువ నాణ్యతలో ఆడితే 2 గిగాబైట్ల యంత్రం కష్టపడుతుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో కొన్నింటికి డిజిటల్ సంతకం లాంటి సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంటుంది, ఆ పని ఉన్నవాళ్లు ఒక్క కంప్యూటర్ విండోస్‌తోనే ఉంచుకోవడం మేలు.

అయినా మామిడి లోడు లెక్కలు రాయడానికి, పిల్లల పాఠాలకు, తెలుగులో ఉత్తరం టైపు చేయడానికి, పదో తరగతి పిల్లవాడు ప్రోగ్రాము రాయడం నేర్చుకోవడానికి 4 గిగాబైట్ల పాత యంత్రం నిండుగా చాలు. లాప్‌టాప్ చేసే కాలుష్యంలో ఎక్కువ భాగం అది వాడకంలో ఉన్నప్పుడు కాదు, తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. పాత తెరల వెనుక దీపాల్లో పాదరసం ఉంటుంది. దాన్ని తుక్కు బండి వాడి చేతికిస్తే అది మన చెరువు గట్టుకే చేరుతుంది. దేశంలో 2011 నుంచి ఇ-వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి. నిజంగా చచ్చిపోయిన వాటిని అధీకృత రీసైక్లర్‌కే ఇవ్వాలి.

ట్రిపుల్ ఐటీలో చదువుతున్న పిల్లలకు ఒక మనవి. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మీ బడిలో తాళం వేసిన కంప్యూటర్ గదిని ఒక్కసారి తెరిపించండి. హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకుని, పెన్‌డ్రైవ్‌లో డెబియన్‌ను ఎక్స్‌ఎఫ్‌సీఈతో వేసుకెళ్లి, ముందు ఇన్‌స్టాల్ చేయకుండా అక్కడి నుంచే నడిపి చూడండి. పాత ఫైళ్లు కావాల్సినవి వేరే చోట దాచాకే డిస్కు మీద పెట్టండి. తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు మరిచిపోకండి. అక్కడి టీచర్ ఎవరికైనా నేర్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి, ఏదైనా ఆగితే వాళ్లు మిమ్మల్ని అడగగలగాలి. ఇళ్లలో ఉన్నవాళ్లు అటక మీద లాప్‌టాప్‌ను తుక్కుకు అమ్మే ముందు మీ వీధిలో ఒక విద్యార్థికి చూపించండి.