నాగార్జునకొండ ఇటుక గోడలు – వాని చిన్న నమూనాలు



మా వెంకటాచలము ప్రాంతమున బొమ్మలకొలువు పెట్టునప్పుడు పిల్లలు జానెడు మట్టిగోడ కట్టి, జేగురు పూసి, సున్నముతో గీతలు గీసి, దానిని ఇటుకగోడ యందురు. వేడుకకు అది చాలును. చరిత్రను చూపుటకై కట్టు చిన్న గోడకు మాత్రము ఆ గీతలు చాలవు. ఎందుచేతనో చెప్పుటకు మిమ్మును కృష్ణాతీరమునకు తీసికొనిపోవలసియున్నది.

పల్నాటి సీమలో నాగార్జునకొండ లోయయందు క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లెను. ఆ శిథిలములను 1926లో మద్రాసు శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతిగారు కనుగొనిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర అచట త్రవ్వించెను. పిదప కృష్ణకు ఆనకట్ట వచ్చుట నిశ్చయమయ్యెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగులోపల 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున త్రవ్వకములు సాగెను. తొమ్మిది కట్టడములను కొండమీద మరల కట్టిరి. పదునాలుగింటికి చిన్న నమూనాలు చేయించిరి. మఱికొన్నిటిని అనుపు అనుచోట నిలిపిరి. నేడు లాంచి ఎక్కి ఆ కొండకు పోయినవారు వీనిని చూడవచ్చును.

అసలు గోడ నీటిక్రింద నున్నప్పుడు నమూనాయే దానికి దస్తావేజు. దస్తావేజులో కొలత తప్పినచో ఏమగునో భూమిగల మీకు నేను చెప్పనక్కఱలేదు.

అచటి మహాస్తూపపు ఇటుక 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలది. నేడు మనము వాడు ఇటుక పొడవు 9 అంగుళములే. మహాస్తూపపు అడ్డుకొలత 106 అడుగులు. దాని పునాదిని బండిచక్రమువలె, నడుమ కుండ, దానినుండి ఆకులు, చుట్టును పూటీలు ఉన్నట్లు ఇటుకతో కట్టి, నడిమి ఖాళీలను మట్టితో నింపిరి. దీనిని ఇరువదింట నొకవంతు చేసినచో చక్రము అయిదడుగుల మూడంగుళములకు పైగా వచ్చును. ఇటుక సరిగా ఒక్క అంగుళము పొడవు, అరయంగుళము వెడల్పు, అంగుళములో ఆఱవవంతుకన్న తక్కువ మందము గలదగును. ఆ చోట నేటి ఇటుక లెక్కను అరయంగుళమునకు లోబడిన ముక్కలు పేర్చినచో గోడ ముచ్చటగానే యుండును గాని, అది ఇక్ష్వాకుల గోడ కాదు. ఇటుక పరిమాణమును బట్టి కట్టడపు కాలమును ఊహించుట పురాతత్త్వజ్ఞుల పద్ధతులలో నొకటి. కావున ఆ నమూనా చూపఱిని తప్పు కాలమునకు చేర్చును.

పని యెట్లనగా, ఒండుమట్టిని జల్లించి, పిసికి, పలకగా పఱచి, పలుచని కత్తితో కోయవలెను. మట్టి ఆరినకొలది ముడుచుకొనును. ముందుగా ఒక ముక్కను ఆరబెట్టి, ఎంత తగ్గెనో చూచి, మిగిలినవానిని అంత పెద్దవిగా కోసిననే లెక్క కుదురును. క్రింది వరుస సందుమీద పై యిటుక నడుము పడవలెను. అసలు గోడలో అతుకు అరయంగుళ మున్నచో నమూనాలో అది అంగుళమున నలువదవవంతు. వ్రేలితో అడుసు మెత్తినవారు ఇచటనే చెడుదురు. రంగు విషయమునను తొందర కూడదు. బట్టీలో మంటచెంత నున్న ఇటుక నల్లబడును, దూరముననున్నది పసుపు కలిసిన యెఱుపుగా దిగును. ఒకే యెఱుపు పూసిన గోడ నాటకపు తెరవలె నుండును.

ఇంకొక చిక్కు. ఆ కాలపువారు ఇటుకను కానరానిచ్చినవారు కారు. స్తూపమునంతయు సున్నపు గారతో కప్పిరి. మనకు ఇటుక కనబడుట గార పెచ్చులు రాలిన ఫలము. కావున ముందు గోడ కట్టి, గార నిలిచినచోటనే సున్నము పూయవలెను. ముందుగా సున్నము పూసి, దానిపై ఇటుకలు గీయుట తలక్రిందుల పని.

మన పెన్నమీద సోమశిల జలాశయములో మునిగిన యూళ్లలో పుట్టిన పెద్దలు నేడును ఉన్నారు. మీ పాత యింటి గోడ ఎన్ని మూరల మందమో, ఇటుక ఎన్ని బెత్తెల పొడవో జ్ఞప్తియున్నచో మనుమనిచేత వ్రాయించుడు. ఆ యింటి ముక్క యేదైన దొరికినచో మందము కొలువుడు. ఇటుక విఱిగి పొడవు పోయినను మందము నిలిచియుండును.